లోపాముద్ర అడిగింది, అగస్త్యుడు లెక్క చూశాడు

ఈ వారం వీడియోలో అగస్త్య మహర్షి, లోపాముద్రల కథ చెప్పుకున్నాం. టైమ్ చాలక వదిలేసిన భాగం ఒకటుంది. ప్రేమించుకుని పెళ్లి దాకా వచ్చినవాళ్లకి నిజంగా పనికొచ్చేది అదే.

ముందు ఒక జంటను ఊహించుకోండి. అబ్బాయిది మార్కాపురం, అమ్మాయిది గిద్దలూరు. ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. రెండిళ్లలోనూ ఒప్పుకున్నారు. గొడవంతా పెళ్లి ఖర్చు దగ్గరే. అతనికి కన్వెన్షన్ హాలు, డ్రోన్ కెమెరా, ప్రీ వెడ్డింగ్ షూట్ కావాలి. ఆమెకేమో చెన్నకేశవస్వామి గుడిలో తాళి కట్టించుకుని, అయినవాళ్లకి భోజనాలు పెడితే చాలు. "నువ్వు మరీ పిసినారివి" అని అతను. "నీ చేతిలో రూపాయి నిలవదు" అని ఆమె.

ఎవరిది తప్పు? ఆగండి. వాళ్లు పెరిగిన ఇళ్లు ఒకసారి చూద్దాం. ఆమె నాన్న వాన మీద ఆధారపడి కంది, పత్తి వేసే రైతు. వేసిన బోరల్లా ఎండిపోతుంటే అప్పు ఎలా పెరుగుతుందో చిన్నప్పుడే చూసింది. జీతం పడగానే ముందు చీటీ కట్టేస్తుంది. అతని ఇంట్లో పలకల వ్యాపారం. మార్కాపురం పలక ఒకప్పుడు ఎన్ని ఊళ్ల బడిపిల్లల చేతుల్లో ఉండేదో! నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ పడిపోయింది. డబ్బు ఎలాగూ పోయేదే, ఉన్నప్పుడే అనుభవించాలి అనేది అతను ఇంట్లో నేర్చుకున్నది. అంటే ఇద్దరిలోనూ ఉన్నది ఒకే భయం. ఒకరిని దాచమంటోంది, ఇంకొకరిని ఖర్చు పెట్టమంటోంది. నాకైతే అలాగే కనిపిస్తుంది.

ఇప్పుడు కథకొద్దాం. ఇది మహాభారతం వనపర్వంలో ఉంది. లోమశ మహర్షి ధర్మరాజుకి చెబుతాడు. లోపాముద్ర విదర్భ రాజు ఇంట్లో పెరిగిన పిల్ల. అగస్త్యుడిని పెళ్లాడాక పట్టుబట్టలు, నగలు వదిలేసి నారచీరలు కట్టింది. గంగాద్వారంలో ఆయన తపస్సు చేసుకుంటుంటే సేవ చేసింది. సంతానం కోసం ఆయన దగ్గరికి పిలిచినప్పుడు మాత్రం సిగ్గుపడుతూనే తన మనసులో మాట చెప్పేసింది. మా నాన్నగారింట్లో ఉన్నలాంటి పాన్పు, నగలు కావాలి, మీరు కూడా అలంకరించుకుని రావాలి అంది.

ఆయన కోప్పడలేదు. మీ నాన్నకున్నంత సంపద నా దగ్గర లేదే అన్నాడు. తపోబలంతో క్షణంలో తేగలరు కదా అంది ఆమె. తేగలను, కానీ తపస్సు ఖర్చైపోతుంది, అది నష్టం కాకుండా అడుగు అన్నాడు. నా కోరిక అదే, అయినా మీ ధర్మానికి లోటు రానివ్వకండి అంది. చూశారా, ఆమె కోరికను దాచుకోలేదు. ఆయన తన హద్దును దాచుకోలేదు. మనం ఈ రెండూ మనసులో పెట్టుకుని, "నీకే తెలియాలి" అని అలుగుతాం.

అగస్త్యుడు ముందు శ్రుతర్వుడనే రాజు దగ్గరికి వెళ్లాడు. ఇతరులకు బాధ కలగకుండా ఇవ్వగలిగితేనే ఇవ్వమన్నాడు. రాజు తన ఆదాయం, వ్యయం రెండూ ముందు పెట్టాడు. ఉగాదినాడు పంచాంగంలో మన రాశికి వింటామే, అచ్చం అవే. రెండూ సమానంగా ఉన్నాయి. ఇందులోంచి తీసుకుంటే ప్రజలకు కష్టమని అగస్త్యుడు వదిలేశాడు. తర్వాత బ్రధ్నశ్వుడు, త్రసదస్యుడు. అక్కడా అదే లెక్క, అదే నిర్ణయం. చివరికి మిగులు ఉన్న ఇల్వలుడి దగ్గరికి నలుగురూ కలిసి వెళ్లారు. ఆ తర్వాత వాతాపి సంగతి మీకు తెలిసిందే, పసిపిల్లల పొట్ట నిమిరేటప్పుడు మన అమ్మమ్మలు తలుచుకునే పేరే.

(ఈ కథ చూపించి కట్నం అడిగేవాళ్లుంటారు. అత్తగారిల్లు ఇల్వలుడి ఖజానా కాదు. 1961 నుంచి కట్నం ఇవ్వడం, తీసుకోవడం రెండూ చట్టప్రకారం నేరం.)

మన జంట చేయాల్సింది ఈ లెక్క చూడటమే. పెళ్లి ఖర్చు కోసం అమ్మాయి నాన్న నూటికి రెండు రూపాయల వడ్డీకి 5 లక్షలు తెచ్చాడనుకోండి. నెలకు 10,000, ఏడాదికి 1,20,000 వడ్డీకే పోతుంది. అసలు అలాగే ఉంటుంది. ఆదాయవ్యయాలు సమానంగా ఉన్న ఆ ఇంట్లోంచి డ్రోన్ కెమెరా డబ్బు తీయొచ్చా? శ్రుతర్వుడి కొలువులో అగస్త్యుడు వేసుకున్న ప్రశ్న ఇదే. అదే డబ్బు ఇద్దరి జీతాల్లో మిగులు నుంచి వస్తే మాట వేరు. అప్పుడు ఆమె కూడా అతని సరదాను దుబారా అనేయకూడదు. లోపాముద్ర కోరికను అగస్త్యుడు తప్పనలేదు కదా.

మార్కాపురం నుంచి గిద్దలూరు వెళ్లే రైలు మధ్యలో కంభంలో ఆగుతుంది. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు అక్కడిదే. విజయనగర కాలం నాటి ఈ చెరువుకు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు వచ్చింది. ఈసారి ఇద్దరూ కలిసి వెళ్లి చూడండి. కట్ట ఒక్కటే ఉండి తూము లేకపోతే కింద పొలం తడవదు. తూము ఎప్పుడూ తెరిచే ఉంచితే ఎండాకాలానికి చుక్క మిగలదు. ఆమె కట్ట గురించి మాట్లాడుతోంది, అతను తూము గురించి మాట్లాడుతున్నాడు.

ఒక శనివారం సాయంత్రం దీపం పెట్టాక ఇద్దరూ ఫోన్లలో బ్యాంక్ స్టేట్‌మెంట్లు తెరవండి. ఈఎంఐలు, చీటీలు, ఇంటికి పంపేది, క్రెడిట్ కార్డు బాకీ, ఏదీ దాచకండి. మొదటిరోజు కాస్త సిగ్గుగానే ఉంటుంది. తర్వాత చెరొకరు ఒక కోరిక, ఒక హద్దు చెప్పండి. మధ్యలో అడ్డుపడొద్దు.

ధనం వచ్చాక ఏమైందని చాలామంది అడిగారు. ఎలాంటి సంతానం కావాలని అగస్త్యుడు లోపాముద్రనే అడిగాడు. వెయ్యిమంది కొడుకులా, పదిమందికి సాటివచ్చే నూరుగురా, నూరుగురికి సాటివచ్చే పదిమందా, వెయ్యిమందిని మించిన ఒక్కడా? నగలూ పాన్పూ కావాలన్న ఆ రాచబిడ్డే, ఒక్కడు చాలంది.