ఎడారిలో దారి వేయడానికి వెళ్తున్నారా?

ఫీనిక్స్, చాండ్లర్ చుట్టుపక్కల ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు శనివారం పొద్దున్నే కొండెక్కడం అలవాటే. ఈసారి ఆ దారి మీద నడవడమే కాదు, దారి వేసే పనికీ వెళ్లండి. స్కాట్స్‌డేల్‌లోని మెక్‌డొవెల్ సొనోరన్ ప్రిజర్వ్ 30 వేల ఎకరాలకు పైబడిన ఎడారి. 1995లో ఊరి ఓటర్లు తమ మీద తామే అమ్మకపు పన్ను వేసుకుని దాని భూమి కొనడానికి ముందుకొచ్చారు. అక్కడి నడకదారుల వెనక జీతం తీసుకోని మనుషుల చెమట చాలా ఉంది.

ఎడారే కదా, వానతో పనేముంది అనుకోకండి. దారిని పాడుచేసేది నీళ్లే. జులై నుంచి సెప్టెంబర్ దాకా పడే వాన కొద్దిసేపే అయినా కుండపోతగా పడుతుంది. ఆ నీళ్లు దారి వెంట పారితే కాలవ అవుతుంది, దారిని అడ్డంగా దాటిపోతే దారి నిలుస్తుంది. పొలంలో గట్టు వేసిన ఇంటివాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. నాలుగు అడుగుల దారి అయితే లోయ వైపు అంచు రెండంగుళాలకు కాస్త పైన దిగి ఉండాలి. కొండవాలు 20 శాతమైతే దారి ఎక్కుడు 10 శాతం మించకూడదు.

పనిముట్లు మనకు కొత్తేం కాదు: పలుగు, పార. ఒకవైపు పార అంచు, ఇంకోవైపు దంతె పళ్లు ఉండే మెక్‌లౌడ్ మాత్రం అక్కడే చూస్తారు. పక్కమనిషికి పది అడుగుల దూరం వదలండి. రాయిని అవతలి అంచు పట్టి మీవైపు లేపండి. కింద తేలో పామో ఉంటే తెరుచుకునే వైపు మీరుండరు. చోయా కాక్టస్ ముళ్లబంతి అంటుకుంటే చేత్తో లాగొద్దు, దువ్వెన దూర్చి విసిరేయండి. అందుకే సంచిలో దువ్వెన, పట్టకారు, కనీసం మూడు లీటర్ల నీళ్లు ఉండాలి.

పొదల నీడలో మాత్రం అడుగు చూసి వేయండి. సగువారో కాక్టస్ మొలక ఎనిమిదేళ్లకు అంగుళమున్నర పెరిగితే గొప్ప. అది బతికేది ఆ నీడలోనే. మన బూటు కింద పడితే అన్నేళ్లూ మట్టిపాలే.

మీ కంపెనీ హెచ్‌ఆర్‌ని ఒక మాట అడగండి. ఉద్యోగులు సేవ చేసిన గంటలకు తగ్గట్టు, ఆ సేవ నడిపే సంస్థకు విరాళమిచ్చే కంపెనీలున్నాయి. వీసా మీద ఉన్నవాళ్లు డబ్బు గానీ, దానికి బదులుగా ఇచ్చేది గానీ ఏదీ తీసుకోకండి. సందేహముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్ని అడిగాకే పేరివ్వండి.

వానలు వెనకబట్టాక మీరు తవ్విన చోటికి వెళ్లి చూడండి. నీళ్లు దారి వెంట పారిన గుర్తు కనిపిస్తే, తర్వాతి పనిరోజుకు మళ్లీ పేరివ్వండి.