గొలుసు తిన్ననైతే గట్టిదనం

'సంతృప్త కొవ్వు ఆమ్లాలు' అన్న మాట కనబడగానే పేజీ తిప్పేసే తమ్ముళ్ల కోసం ఈ నాలుగు మాటలు.

అబిడ్స్ నుంచి నడిచి మొజంజాహీ మార్కెట్ దగ్గరికి వెళ్తే బేకరీల్లో ఉస్మానియా బిస్కెట్ దొరుకుతుంది. దాన్ని గుల్లగా ఉంచేది వెన్న లేదా వనస్పతి. వాటి గట్టిదనం చాలావరకు ఈ ఆమ్లాలదే. వీటి కర్బన గొలుసులో ద్విబంధం ఉండదు, గొలుసు తిన్నగా సాగుతుంది. తిన్నని కట్టెలు మోపులో బిగువుగా ఇముడుతాయి, వంకరవి ఇమడవు. వేరుశనగ నూనెలో ఎక్కువ వంకరవే, అందుకే అది ద్రవం.

గొలుసు పెరిగేకొద్దీ కరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. విడిగా తీస్తే 12 కర్బనాల లారిక్ 44 డిగ్రీల దగ్గర, 14 ఉన్న మిరిస్టిక్ 54, 16 ఉన్న పామిటిక్ 63, 18 ఉన్న స్టియరిక్ 69 దగ్గర కరుగుతాయి. (పరీక్షలో అడుగుతారు!) కొబ్బరినూనెలో దాదాపు సగం లారిక్. చలికాలం మన గదుల్లో సీసా గడ్డకట్టేది అందుకే. మిరిస్టిక్ జాజికాయలో, స్టియరిక్ మాంసపు కొవ్వులో, కొవ్వొత్తుల్లో ఉంటాయి.

సబ్బుకు నురుగు లారిక్ ఇస్తుంది, గట్టిదనం పామిటిక్, స్టియరిక్ ఇస్తాయి. ఒక్క సబ్బుతో నెల గడపాల్సిన మనం కవరుపై టి.ఎఫ్.ఎం. చూడాలి. మొదటి గ్రేడుకు కనీసం 76 శాతం.

ఇక తిండి. రోజు శక్తిలో సంతృప్త కొవ్వు 10 శాతం మించవద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే 2000 కేలరీలకు 22 గ్రాములు. మూడు పెద్ద చెంచాల పామాయిల్‌తోనే 20 గ్రాములు అయిపోతాయి. నాంపల్లి స్టేషన్ బయట సమోసాలతో రాత్రి భోజనం సరిపెట్టుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోండి. వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వు ఇంతకన్నా చెడ్డది, 2022 జనవరి నుంచి మన దేశంలో దానికి 2 శాతం హద్దు పెట్టారు.