పాత బండి వెనక నిచ్చెన విరిగితే: కొన్ని చిట్కాలు

జంషెడ్‌పూర్ సీతారాండేరా తెలుగిళ్ళలో చాలామందికి సొంతూళ్ళు శ్రీకాకుళం, విజయనగరం వైపే. రథసప్తమికి అరసవిల్లికో, పెళ్ళిళ్ళకు ఊరికో పదిమందీ కలిసి వెళ్ళేందుకు పాత మినీ బస్సుని కొని, సీట్లు తీయించి, పరుపులూ గ్యాసుపొయ్యీ అమర్చుకుంటే ప్రయాణం హాయిగా ఉంటుంది. అలాంటి బండిలో ముందు పాడయ్యేది వెనకవైపు నిచ్చెన. విరిగిన మెట్టే అందరి కంటా పడుతుంది కానీ, అసలు జబ్బు సాధారణంగా నిచ్చెన బాడీకి బిగిసిన చోట ఉంటుంది.

1. బండిని చదునైన చోట నిలిపి చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టండి. నిచ్చెన ఎక్కకుండా, కింద నిలబడే ఒక్కో బిగింపునూ చేత్తో గుంజి చూడండి. బాడీ రేకు కూడా కదులుతుంటే, బోల్టు చుట్టూ సన్నని పగుళ్ళు కనిపిస్తుంటే, మెట్టు బాగుచేసినా లాభం లేదు. నిలువు పైపుల అడుగుభాగాన్ని స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడవండి. లోపలికి దిగబడితే ఆ ముక్క కోసేయాల్సిందే.

2. అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే ఇనుము. అతుక్కోకపోతే చాలావరకు అల్యూమినియం. దీన్ని మామూలు ఆర్క్ రాడ్డుతో అతికిస్తానన్నవారికి ఇవ్వకండి. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది, దానిమీది ఆక్సైడు పొర మాత్రం 2000 డిగ్రీలు దాటితే గాని కరగదు. అందుకే ఆర్గాన్ వెల్డింగ్ కావాలి. 1912లో తొలి ఉక్కు పోసిన ఊరు మనది, పక్కనే ఆదిత్యపూర్ పారిశ్రామికవాడ ఉంది. పనితనమున్న వెల్డరు కోసం ఇంకో నాలుగు చోట్ల అడగడంలో తప్పులేదు.

3. వంగిన ఇనపమెట్టుని సుత్తితో కొట్టి సరిచేయకండి. నొక్కుకుపోయిన పైపు బలం తిరిగి రాదు, కొత్త ముక్క వేయించండి. నిలువు పైపు తెగితే, లోపల సరిగ్గా పట్టే సన్నపైపు దూర్చి, అది తెగిన చోటుకి అటూ ఇటూ నాలుగేసి అంగుళాలు ఉండేలా చూసి, ఆపైన చుట్టూ వెల్డింగ్ చేయించాలి. ముందు తుప్పూ రంగూ గ్రైండరుతో తీసి లోహం మెరిసేదాకా శుభ్రం చేయాలి. పల్చని పైపుకి 2.5 మి.మీ. రాడ్డు చాలు. లావు రాడ్డు వాడితే చిల్లులు పడతాయి.

4. వీలైతే నిచ్చెనని పూర్తిగా విప్పి, బయటపెట్టి వెల్డింగ్ చేయించండి. ఖర్చు కాస్త పెరిగినా ఇదే నయం. బండి మీదే చేయక తప్పదంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. వెల్డింగ్ ఎర్తు క్లాంపుని పనిచేసే చోటుకి దగ్గరగా తగిలించమనండి. గ్యాసు సిలిండరూ, పరుపులూ దించేయండి. డీజిలు ట్యాంకు దగ్గర్లో ఉంటే అక్కడ వెల్డింగే వద్దు. రేకు వెనక ఫోమూ చెక్కా లోలోపల రాజుకుని, పని ముగిసిన చాలాసేపటికి కూడా మంట లేవొచ్చు. అందుకని నీళ్ళబకెట్టుతో ఒకరు లోపల కాపలా ఉండాలి, తర్వాత ఓ గంటైనా బండిని వదలకూడదు. జీఐ పైపైతే జింకు పూత ముందే తీసేయాలి. 907 డిగ్రీలకే జింకు ఆవిరై తెల్లటి పొగ వస్తుంది. అది పీల్చినవారికి కొన్ని గంటల్లో చలిజ్వరం రావొచ్చు. వెల్డరు అలవాటేనంటారు, అయినా ఆరుబయటే చేయించండి.

5. బాడీలోని బోల్టు కన్నం సాగిపోతే పెద్ద బోల్టు వేసి ఊరుకోకండి. రేకు లోపలివైపు అరచేయంత 3 మి.మీ. ఇనపపలక పెట్టి, బోల్టు దానిగుండా పోయేలా బిగించండి. నైలాక్ నట్టు వాడితే రోడ్డు కుదుపులకి వదులు కాదు. మనిషి బరువు మోసే చోట స్క్రూలూ రివిట్లూ నమ్మదగినవి కావు. అల్యూమినియం రేకుమీద ఇనుము తగిలితే తడిలో రేకు త్వరగా పుచ్చిపోతుంది కాబట్టి మధ్యలో రబ్బరు ముక్క వేయండి.

6. ఇక్కడి వానల్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా పైపులోకి దిగిన నీరు బయటికి పోయే దారి ఉండదు. తుప్పు లోపలినుంచి తింటుంది, పైన రంగు మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. పైకొసలకి మూతలు బిగించి, అడుగున చిన్న కన్నం వేయించండి. బోల్టుల చుట్టూ పాలీయురెథేన్ సీలెంటు పెట్టండి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ లోహాన్ని తినేస్తుంది, వద్దు.

7. రెడాక్సైడ్ ఒక కోటు, ఆరాక ఎనామెల్ రెండు కోట్లు. మెట్లమీద తడి రంగుపై సన్న ఇసుక చల్లితే కాలు జారదు.

8. ముందు మనిషిని ఎక్కించకండి. ఒక్కో మెట్టుకీ 50 కిలోల సిమెంటు బస్తాలు రెండు తాడుతో వేలాడదీసి, కాసేపుంచి, బిగింపుల దగ్గర రేకు కదిలిందేమో చూడండి. మొదటి ప్రయాణం అయ్యాక నట్లు మళ్ళీ చూడాలి.

9. ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి, సామాను తాడుతో లాగుకోవాలి. పైన కరెంటు తీగలు చూసుకోవాలి. 1982లో ఎన్టీఆర్ చైతన్యరథం పైన నిలబడి ప్రసంగించారంటే, ఆ పాత షెవర్లే వ్యానుని ఆ పనికోసమే మార్పించారు. మన క్యారియరు సామానుకే. నడిచే బండి టాపు మీద మనుషుల ప్రయాణాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 123వ సెక్షను నిషేధించింది. పిల్లలు సరదాపడినా ఒప్పుకోకండి.

10. నిలువు పైపులు రెండూ పుచ్చిపోయి, బాడీ ఫ్రేము కూడా తుప్పుపట్టి ఉంటే నిచ్చెన మీద డబ్బు పోయకండి. తీసేసి, కన్నాలు రేకుతో మూయించి, లోపల పెట్టుకునే మడత నిచ్చెన ఒకటి కొనుక్కోండి.