బిడ్డలకు వచ్చు మధుమేహము: వంశమెంత, జన్యువులెంత?

ఉక్కు కర్మాగారము మూలమున సాక్చి గ్రామము నగరమై, 1919లో జంషెడ్‌పురమను పేరు పొందినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి అనేక తెలుగు కుటుంబములు పనికై వెళ్ళి అచట స్థిరపడినవి. అచటనేగాని, మన గ్రామములలోనేగాని, పసిబిడ్డకు చక్కెర వ్యాధి వచ్చినదనగానే పెద్దలు మొదట అడుగు ప్రశ్న యొకటే: “ఇది ఎవరి వైపునుండి వచ్చినది?” ఈ ప్రశ్నకు శాస్త్రము చెప్పు సమాధానమును ప్రతివారును తెలిసికొనవలెను.

వ్యాధి స్వభావము

పెద్దలలో తరచుగా కనబడునది రెండవ రకము మధుమేహము. బిడ్డలలోను యువకులలోను ఎక్కువగా కనబడునది మొదటి రకము. జీర్ణకోశము వెనుకనున్న క్లోమగ్రంథిలోని బీటా కణములు ఇన్సులినును తయారుచేయును. రక్తములోని చక్కెరను శరీరము వినియోగించుకొనుటకు ఇది అవసరము. రోగములనుండి మనలను కాపాడవలసిన రక్షణ వ్యవస్థయే పొరపడి ఈ కణములను నాశనము చేసినప్పుడు మొదటి రకము మధుమేహము కలుగును. మిఠాయిలు తినుట దీనికి కారణము కాదు.

జన్యువుల పాత్ర

తన కణమేదో, పరాయి కణమేదో గుర్తించుటలో రక్షణ వ్యవస్థకు తోడ్పడు జన్యువుల గుంపు ఆరవ క్రోమోజోముపై కలదు. దీనిని హెచ్.ఎల్.ఏ. అందురు. ఇందు డి.ఆర్.3, డి.ఆర్.4 అను రూపభేదములు కలవారికి వ్యాధి వచ్చు అవకాశము హెచ్చు. ఇవిగాక మరి అనేక జన్యువులకు కొద్దిపాటి ప్రభావము కలదు. ఐనను ఈ భేదములున్న వారిలో అత్యధికులకు వ్యాధి రానేరాదు. ఒకే జన్యువులుగల కవలలలో ఒకరికి వచ్చినను, రెండవవారికి తప్పక వచ్చునని నియమము లేదు. పాశ్చాత్య దేశముల పరిశీలనలలో, ఈ వ్యాధిగల తండ్రుల బిడ్డలలో నూటికి సుమారు 6 మందికిని, తల్లుల బిడ్డలలో నూటికి సుమారు 3 మందికిని ఇది వచ్చినట్లు తేలినది. ఈ వ్యాధి వచ్చిన బిడ్డలలో చాలమందికి తలిదండ్రులలోగాని తోబుట్టువులలోగాని ఎవరికిని ఇది లేదు. కావున తల్లిని నిందించుట అన్యాయము.

సూక్ష్మ ఆర్.ఎన్.ఏ.

కర్మాగారమున నమూనా పటము భద్రముగా నుండును. దాని నకలు పనివారికి చేరును. ఉత్పత్తి మితిమీరకుండ పర్యవేక్షకుడు చూచును. జీవకణములో జన్యువు నమూనా పటము, దూత ఆర్.ఎన్.ఏ. దాని నకలు, సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. పర్యవేక్షకుడు. ఇది సుమారు 22 అక్షరముల చిన్న గొలుసు. నకలును పట్టుకొని పనిని తగ్గించును. 1993లో ఒక చిన్న పురుగునందు దీనిని కనుగొన్న పరిశోధనకై విక్టర్ ఆంబ్రోస్, గేరీ రవ్‌కున్‌లకు 2024లో నోబెల్ బహుమానము లభించినది.

375వ సంఖ్యగల సూక్ష్మ ఆర్.ఎన్.ఏ. బీటా కణములలో సమృద్ధిగా నుండును. ఆ కణములు నశించినప్పుడు అది రక్తములోనికి వచ్చును. 146వ సంఖ్య గలది రక్షణ కణముల ఉద్రేకమును అణచును. ఇట్టివి అతుకుకొను చోట జన్యువులో ఒక్క అక్షరము మారినను అదుపు తప్పవచ్చును. వ్యాధిని ముందుగా పసిగట్టుటకు ఈ జ్ఞానము ఉపకరించునని శాస్త్రజ్ఞుల ఆశ. నేడు మాత్రము వ్యాధి నిర్ణయమునకు ఆధారము రక్తములోని చక్కెర పరీక్షయే.

మనము చేయవలసినది

బిడ్డకు అతిదాహము, మాటిమాటికి మూత్రము, మానిన పక్కతడుపుట మరల మొదలగుట, బరువు తగ్గుట, నీరసము కనబడినచో ఆనాడే రక్తపరీక్ష చేయించవలెను. వాంతులు, కడుపునొప్పి, బరువైన శ్వాస, మగత కలిగినచో అది ప్రాణాపాయము. తక్షణమే ఆసుపత్రికి చేర్చవలెను. 1922లో టొరాంటోలో తొలిసారి రోగికి ఇచ్చిన ఇన్సులినే నేటికిని ఈ బిడ్డలకు ప్రాణాధారము. ఆకుపసరులను నమ్మి దానిని మానరాదు. జ్వరము వచ్చినను, ఆహారము తగ్గినను వైద్యుని అడుగక ఆపరాదు. వేళకు ఇన్సులిను, మితమైన ఆహారము, క్రమమైన పరీక్ష కలిగిన బిడ్డ తోడి బిడ్డలవలె చదువుకొని, ఆడుకొని, పెరిగి పెద్దదై గృహస్థ జీవితము గడపగలదు.