ఉదయగిరి చూడబోయే పిల్లలకు

1. నెల్లూరు నుంచి వచ్చేవాళ్లు ఆత్మకూరులోనే టిఫిన్ కానిచ్చి బస్సెక్కండి. ఉదయగిరిలో దిగేసరికి ఎండ ముదరకూడదు. వేసవిలో అయితే అసలు రావద్దు, రాళ్లు కాలిపోతుంటాయి.

2. కొండెక్కే ముందు కాసేపు కింద నిలబడి చూడండి. సంజీవకొండ మూడు వేల అడుగుల పైమాటే. కృష్ణదేవరాయలు గజపతి రాజుల చేతుల్లోంచి దీని మీది కోటను లాక్కోవడానికి 1513, 1514 సంవత్సరాల్లో ఏడాదిన్నర ముట్టడి వేయాల్సి వచ్చింది. లోపల పదివేల కాల్బలం, నాలుగొందల గుర్రాలు ఉండేవని, రాయలు బండలు పగలగొట్టించి దారి వేయించాడని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ రాసిపెట్టాడు. ఇది తెలిస్తే సగం దూరంలో ఆయాసపడి కూర్చున్నా సిగ్గనిపించదు.

3. శిథిలమైన గుడి కనబడితే ఫొటో తీసుకుని కదిలిపోకండి, దేవుడు ఏమయ్యాడని అడగండి. ఇక్కడి బాలకృష్ణుణ్ణి రాయలు గెలుపు గుర్తుగా హంపికి తీసుకుపోయి, ఆయన కోసమే కృష్ణాలయం కట్టించాడు. ఆ గుడి తూర్పు గోపురం మీద ఉదయగిరి యుద్ధం బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. హంపి కూడా పాడయ్యాక విగ్రహం చెన్నై మ్యూజియం చేరింది. మన ఊరి దేవుడు అంత దూరం పోయినా, ఆయన చిరునామా మనకు తెలిసుండాలి కదా!

4. కొండ మీది మసీదుల్ని వదిలెయ్యొద్దు. గోల్కొండ సుల్తానుల ఏలుబడి ఎంత ఎత్తుకు ఎక్కిందో అక్కడ తెలుస్తుంది.

5. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కోట చూశాం, అయిపోయిందని బస్టాండుకు పరిగెత్తకండి. సగం రోజు ఊరి వీధులకు అట్టిపెట్టుకోండి. దిలావర్ భాయ్ వీధి ఎక్కడని ఎవర్నడిగినా చూపిస్తారు. అక్కడి ముస్లిం కుటుంబాలు చుట్టుపక్కల కొండల నుంచి వచ్చే నర్ది, బిక్కి చెక్కతో చెంచాలు, ఫోర్కులు, గరిటెలు, దువ్వెనలు చేస్తాయి. పిడి మీద చెక్కే లతలు, జాలీ పని పారశీక బాణీలోవి. ఈ పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చింది. చెక్క పనికి మొరాకోలోని ఫెజ్ పాతబస్తీలో అయితే వడ్రంగుల పేరుతో ఒక కూడలి, ఆ పక్కనే పాత సత్రంలో చెక్క పనుల మ్యూజియం ఉన్నాయి. ఇక్కడ అద్దాల పెట్టెతో పనేముంది? గడపలో కూర్చుని ఆకురాయి పడుతున్న చేతినే చూడొచ్చు. ఎప్పుడు వెళ్లినా నాకు కోట కన్నా అక్కడే ఎక్కువ పొద్దుపోతుంది.

6. పని చూస్తూ కూర్చున్నాక బేరం ఆడబుద్ధి కాదు. అయినా ఆడతారు కొందరు! ఒక్క చెంచా మీద జాలీ తొలవడానికి ఎంతసేపు పడుతుందో చూసి, ఆ తర్వాత ధర మాట్లాడండి. ఇంటికి తెచ్చాక నీళ్లలో నానబెట్టకండి, కడిగి నీడన ఆరబెట్టండి.

7. తిరుగుదారిలో పొద్దుంటే ఏఎస్ పేటలో దిగి రహమతాబాద్ దర్గా చూసుకుని ఆత్మకూరు చేరొచ్చు. హిందువులూ వస్తారు, మొక్కులూ తీర్చుకుంటారు. సాయంత్రం బస్సు ఎన్నింటికో మాత్రం పొద్దున దిగినప్పుడే కనుక్కుని పెట్టుకోండి.