డయల్‌కి రంగు వేయించకండి

విశాఖలో ఓడల మీద పనిచేసి వచ్చినవాళ్ల ఇళ్లల్లోనూ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ల బీరువాల్లోనూ పాత డైవర్ వాచీలు ఇంకా దొరుకుతున్నాయి. వాటిని సేకరిస్తామంటూ ఈమధ్య కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తున్నారు. వాళ్లకు నోటితో చెప్పే మాటలే ఇవి.

1. ముందు ఆ వాచీ ఏ పనికోసం పుట్టిందో తెలుసుకోండి. 1953లో బ్లాంపాన్ కంపెనీ ‘ఫిఫ్టీ ఫాథమ్స్’ తెచ్చింది. ఆ కంపెనీని నడిపిన జాన్-జాక్ ఫీష్టర్ స్వయంగా డైవర్. ఎంతసేపు నీటి అడుగున ఉన్నాడో లెక్క తప్పి, గాలి అయిపోయి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాడు. ఫ్రెంచి సైన్యంలో ఈతగాళ్ల దళాన్ని కట్టిన బాబ్ మలూబియే, క్లోద్ రిఫో కూడా అప్పుడు అలాంటి వాచీకోసమే వెతుకుతున్నారు. డయల్ చుట్టూ తిరిగే బెజెల్ అందుకే ఉంది. నీళ్లలోకి దిగేటప్పుడు దాని గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా పెడితే, ఎంతసేపైందో చూడగానే తెలుస్తుంది. తర్వాత తర్వాత దాన్ని ఒకవైపే తిరిగేలా చేశారు. రాయికి తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువగానే కనిపించాలి గానీ తక్కువగా కనిపించకూడదు. ఎక్కువ కనిపిస్తే మనిషి కాస్త ముందుగా పైకొస్తాడు, అంతే.

2. విలువలో సింహభాగం డయల్‌దే. మెషిన్ పాడైతే అదే రకం పార్టులు వేసి నడిపించవచ్చు, గ్లాసు మార్చవచ్చు. డయల్‌ను గీకి రంగేస్తే మాత్రం అసలుది పోయినట్టే. నాన్న వాచీ కదా, కొత్తదానిలా మెరవాలని ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఈ పని చేయిస్తారు. అమ్మేవాళ్లు లాభం కోసం చేస్తారు. మన దేశంలో రంగులద్దిన పాత సీకోలు, హెచ్ఎంటీలు ప్రపంచమంతా తిరుగుతున్నాయి. భూతద్దం పెట్టి చూడండి. కంపెనీ అచ్చులో అక్షరాల అంచులు స్పష్టంగా ఉంటాయి. రంగేసినదాంట్లో అక్షరాలు లావెక్కి, అంచులు పాకినట్టుంటాయి.

చీకట్లో వెలిగే పూత ఇంకో సాక్షి. స్విస్ వాచీలకు 1960ల తొలినాళ్ల దాకా రేడియం పూసేవారు, ఆ తర్వాత ట్రిటియం. ట్రిటియం శక్తి 12 ఏళ్ల చిల్లరకు సగమవుతుంది, ఇంకో 12 ఏళ్లకు అందులో సగం. 1967 నాటి ట్రిటియం డయల్ ఈనాడు రాత్రంతా వెలుగుతోందంటే ఎవరో కొత్తగా పూశారన్నమాట. టార్చి వేసి తీస్తే కాసేపు మిణుకుమని ఆరిపోవడం మామూలే. గంట గుర్తుల మీది పూత మరిగిన పాల మీగడ రంగుకు తిరిగి, ముళ్ల మీది పూత తెల్లగా ఉంటే, ముళ్లు ఎప్పుడు మార్చారని అడగండి.

3. రేడియం వాచీని ఇంట్లో విప్పకండి. దాంతో కలిపిన జింక్ సల్ఫైడ్ అరిగిపోయి వెలుగు ఆరిపోయింది గానీ, రేడియం సగం కావడానికే 1,600 ఏళ్లు పడుతుంది. రాలిన పొడి ఊపిరితో లోపలికి పోతే ప్రమాదం. పడకగదిలో పెట్టొద్దు.

4. నన్నడిగితే మొదటి వాచీగా సీకో 6309-7040 కొనండి. 1976 నుంచి 1988 దాకా తయారైంది. 150 మీటర్ల లోతుకు చేసిన గట్టి సరుకు, మన జీతాలకు అందేది.

మొన్నొకాయన వాళ్ల నాన్నగారిది తెచ్చారు. ఓడ ఇంజన్ గదిలో ఏళ్ల తరబడి కట్టుకున్న వాచీ. బల్లమీద తెల్లగుడ్డ పరిచి చూశాం. కేసు అంచున గీతలు, చిన్న సొట్ట ఉన్నాయి. ఎన్నడూ పాలిష్ పడలేదు గనుక పైభాగాన కంపెనీ తీసిన సన్నని గీతలు చెక్కుచెదరలేదు. నాలుగు గంటల దగ్గరుండే క్రౌన్ విప్పితే మరల్లో ఉప్పు, పచ్చబడిన మురికి. వారం పేరు ఒకసారి ఇంగ్లీషులో, ఇంకోసారి అరబిక్‌లో వచ్చింది, గల్ఫ్ బజారుకు చేసిన వాచీ అనుకున్నాం. వెనక మూత మీద సీరియల్ నంబరు 4తో మొదలై, పక్కన ‘డి’ ఉంది. మొదటిది సంవత్సరంలోని ఆఖరి అంకె, రెండోది నెల. 1 నుంచి 9 దాకా అంకెలు, అక్టోబరుకు సున్నా, నవంబరుకు ‘ఎన్’, డిసెంబరుకు ‘డి’. అంటే అది 1984 డిసెంబరులో పుట్టింది. నాన్న దాన్ని ఏ ప్రయాణంలో కొన్నాడో ఆయనకు అప్పుడు లెక్క తేలింది.

పాలిష్ చేయిద్దామా అన్నారు. వద్దన్నాను. సర్వీసు చేయించి గ్యాస్కెట్లు మార్పిస్తే చాలు.

ఇంకో మాట. 6309కి చేత్తో కీ ఇవ్వలేం, చేతి కదలికతోనే నడుస్తుంది. ఆ సంగతి తెలియక పాడైందనుకుని చవగ్గా అమ్మేసుకునేవాళ్లుంటారు. కొనేటప్పుడు మీరే వాళ్లకు ఆ మాట చెప్పండి.

5. సినిమాలో కనిపించిన మోడల్ దగ్గర రెట్టింపు జాగ్రత్త కావాలి. 1962 నాటి ‘డాక్టర్ నో’లో షాన్ కానరీ కట్టిన రోలెక్స్ సబ్‌మెరీనర్ 6538, 1979 నాటి ‘అపోకలిప్స్ నౌ’లో మార్టిన్ షీన్ కట్టిన సీకో 6105 ఇలాంటివే. డయల్ ఒక వాచీది, కేసు ఇంకోదానిది, మూత మూడోదానిది కలిపి అమ్ముతారు. 1970 ప్రాంతంలో సీకో తన డైవర్ల మీద ‘వాటర్ ప్రూఫ్’ మాట తీసి ‘వాటర్ రెసిస్ట్’ అని వేయడం మొదలుపెట్టింది. డయల్ మీది మాట, మూత మీది మాట, సీరియల్ నంబరు చెప్పే నెల, ఈ మూడూ పొసుగుతున్నాయా చూడండి.

6. మెకానిక్‌కి ఇచ్చే ముందు కాగితం మీద రాసివ్వండి: పాలిష్ వద్దు, డయల్, ముళ్లు ముట్టుకోవద్దు, తీసిన ప్రతి పార్టూ పొట్లంలో కట్టి తిరిగివ్వాలి. కంపెనీ సర్వీసులోనూ పాత డయల్ తీసేసి కొత్తది వేసే అలవాటు ఉండేది. అలా ఎన్నో మంచి డయళ్లు చెత్తబుట్టలో పడ్డాయి.

7. నీళ్లలోకి తీసుకెళ్లొద్దు. మూత మీద 150 మీటర్లని ఉన్నా, అది కొత్తప్పటి మాట. ప్రెషర్ టెస్టు చేయించకుండా వర్షంలో కూడా కట్టుకోకండి.

8. ప్రతి వాచీకి ఒక చీటీ రాసి పెట్టెలో పెట్టండి. ఎవరి చేతిది, ఎక్కడ కొన్నది, ఏ పార్టు ఎప్పుడు మార్చారు, రేడియం ఉందా లేదా, ఎవరు సర్వీసు చేశారు. రేపు మీ పిల్లలు ఆ పెట్టె తెరిచినప్పుడు, దేనికి రంగు వేయించకూడదో వాళ్లకు చెప్పేది ఆ చీటీయే.