మోటారుపడవ నడుపబోవు మనుమనికి

నాగార్జునసాగరము



సిద్దిపేట కోమటిచెరువులో మోటారుపడవ నడుపు కొలువు నీకు కుదిరినదని మీ అమ్మ చెప్పగా విని మిగుల సంతసించితిని. నా బాల్యమున ఆ సీమలో ఇంజను అనగా బావిగట్టున పొగ గ్రక్కుచు నీరు తోడునదే గాని, నీటి మీద మనుష్యులను మోయునది మా ఊహకైనను అందలేదు. 2020 ఏప్రిలులో ఆ సీమలోని రంగనాయకసాగర జలాశయమునకు గోదావరి జలములు చేరిన పిమ్మట, అచ్చటికి వచ్చి ఆ గట్టు మీద నిలిచి కంట తడి పెట్టినవాడను నేను. నీటికై అంతగా ఎదురుచూచిన నేల మీద నీకు నీరే జీవనోపాధి యగుచున్నది గనుక, నాగార్జునకొండకు యాత్రికులను చేర్చు లాంచీ మీద నేను నేర్చినది నీకు చెప్పుట నా విధి.

బిడ్డా, ఉదయమున పడవ ఎక్కినంతనే తాళము జోలికి పోకుము. ముందుగా అడుగుభాగమునకు వంగి వాసన చూడుము. పెట్రోలు ఆవిరి గాలికన్న బరువైనది. అది పైకి పోక పడవ అడుగున పొంచియుండి, ఒక్క నిప్పురవ్వకై వేచియుండును. వాసన తగిలెనా, కారుచున్న చోటు కనుగొని, గాలి ఆడనిచ్చి, ఆ వాసన పూర్తిగా పోవువరకు ఏ మీటను ముట్టరాదు. పిదప ఇంజనును పడవకు బిగించిన బోల్టులను, నూనె మట్టమును, పంకా రెక్కలకు చుట్టుకొన్న నాచును, వల దారములను పరీక్షింపుము. టాంకు మూతకున్న గాలిరంధ్రము తెరచి, పెట్రోలు గొట్టము నడుమనున్న రబ్బరు బుడ్డి గట్టిపడువరకు పిసికి, గేరు న్యూట్రలులో నున్నదని రూఢి చేసికొని, నీవు నీట పడినచో ఇంజనును ఆపు తాడును నీ ఒంటికి తగిలించుకొనుము.

ఇంజను నీటిలోనికి దిగియుండగనే తాళము త్రిప్పవలెను. నీరు లేక తిరిగినచో, ఇంజనును చల్లబరచు నీటిపంపులోని రబ్బరు చక్రము క్షణములలో మాడిపోవును. అంటుకొననిచో అదే పనిగా త్రిప్పక, కొంత విరామ మిచ్చి మరల యత్నింపుము. అంటుకొన్న వెంటనే ఇంజను ప్రక్క నుండి సన్నని నీటిధార వెలువడుచున్నదా యని చూడుము. ఆ ధార ఇంజనునకు నాడి వంటిది. అది కానరానిచో తక్షణమే ఆపివేయుము.

ఈ మాట నేను అనుభవించి చెప్పుచున్నాను. ఒకనాడు యాత్రికులు తొందరపెట్టగా, నీరు వడగట్టు జల్లెడ చూడకయే లాంచీ కదలించితిని. నడిజలాశయమున ఇంజను వేడెక్కి ఆగినది. గాలి మమ్ము తన ఇచ్చవచ్చిన దిక్కునకు నెట్టుచుండగా, తల్లుల ఒడులలో పసిబిడ్డలు ఏడ్చుచుండగా, కాలుచున్న జల్లెడ మూత విప్పి నాచు తీయుచు నేను పొందిన సిగ్గు నేటికిని మాయలేదు. నేను మిగిల్చుకొనదలచినది రెండు నిమిషముల కాలము. పణమొడ్డినది వారి ప్రాణములు.

ఆపుటలోను అంతే శ్రద్ధ వలయును. వేగముగా పరుగెత్తిన ఇంజనును ఒక్కపెట్టున ఆపక, న్యూట్రలులో కొన్ని నిమిషములు మెల్లగా తిరుగనిచ్చి, లోని వేడిమి నీటివెంట పోవునట్లు చేయుము. ఇంజను ఆగిన తరువాతనే బ్యాటరీ స్విచ్చి తీయవలెను. తిరుగుచుండగా తీసితివా, విద్యుత్తు పుట్టించు పరికరము చెడును. పిమ్మట ఇంజనును పైకెత్తి, టాంకు గాలిరంధ్రము మూసి, త్రాళ్లు బిగించి, ఆనాడు విన్న క్రొత్త చప్పుడేదైన నున్నచో పుస్తకములో వ్రాసి గాని ఇంటికి పోకుము. సాయంకాలమున వ్రాసిన ఆ ఒక్క పంక్తియే మరునాటి ఉదయమున నిన్ను హెచ్చరించును.

2019 సెప్టెంబరు 15న పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు వద్ద గోదావరిలో మునుగగా ఎందరో అసువులు బాసిరి. చెరువు నదివలె ఉరవడి గలది కాకపోవచ్చును; కాని మునిగినవానికి లోతు లోతే. కావున లైఫ్ జాకెట్టు తొడుగుకొననివారిని, ఎంతటివారైనను, ఎక్కింపకుము. వారు కోపగించిన సహింపుము. తొందరపెట్టిన చిరునవ్వుతో నీ పరీక్ష ముగించుకొనుము. నేను ఆనాడు ఆగలేకపోయిన ఆ రెండు నిమిషములు నీవు ప్రతిదినము ఆగినచో, నా ఋణము కొంత తీరినట్లే తలంతును.

ఇట్లు,
సదా నీ క్షేమము కోరు
తాత